పుండు పడని వీపు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, ఆదోనిలో నేను పనిచేస్తున్న ఆసుపత్రిలోని స్త్రీల ఎముకల వార్డుకు నన్ను హెడ్ నర్సుగా వేశారు. ఏ నర్సు ఏ మంచాలు చూడాలి, ఏ మందు ఎన్ని గంటలకు పడాలి, డ్యూటీ మారేటప్పుడు ఒకరు మరొకరికి రోగిని ఎలా అప్పగించాలి అనేవి చూసుకోవడం హెడ్ నర్సు పని. అప్పటికి నా సర్వీసు ముప్పై మూడేళ్లు. కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేదనుకునేదాన్ని.

రెండో వారంలో ఎమ్మిగనూరు నుంచి మార్తమ్మ గారిని తీసుకొచ్చారు. వయసు డెబ్బై ఏడు. ముందురోజు పొద్దున ఇంట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయ్యేదాకా ఎముక కదలకుండా కాలికి బరువు కట్టి లాగి ఉంచుతాం. దాన్నే ట్రాక్షన్ అంటాం. పట్టీ తీసుకుని నేను దగ్గరికి వెళ్లగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టారు.

"మా దావీదును ఈడికి తెచ్చేదాకా నా కాలు ముట్టొద్దు సిస్టర్."

దావీదు ఎవరో ఆమెతో వచ్చిన పక్కింటి లక్ష్మక్క చెప్పింది. "ఈయమ్మ కొడుకు. నలభై నాలుగేండ్లుంటాయి. ఆరేండ్లప్పుడు మెదడు జొరం వచ్చి మంచాన పడినాడు. కాళ్లూ చేతులూ ఆడవు, మాట రాదు. మా ఆయన ఆడ కూకోని ఉండాడు గానీ, ఈయమ్మ చేత్తో తప్ప మెతుకు ముట్టడు." ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఈయమ్మ మిలిట్రీలో నర్సమ్మ. బంగ్లాదేశ్ యుద్ధంలో పని చేసినాది," అంది.

నాకు రెండో మాట కంటే మొదటిదే పట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా మంచం మీదున్న మనిషి! కదలలేని రోగికి ఒత్తిడి పడిన చోట రక్తం ఆడక, చర్మం చచ్చి పుండు పడుతుంది. నడుం కింద, మడమల దగ్గర ముందుగా పడుతుంది. వారం రోజుల్లో ఎముక దాకా పోయిన పుళ్లు చూశాను. ఇతని వీపు ఎలా ఉంటుందో అనుకుంటూ, డాక్టరు గారికి చెప్పి ఆ మధ్యాహ్నమే అంబులెన్సులో ఎమ్మిగనూరు వెళ్లాను.

ఇల్లు నేతగాళ్ల వీధిలో ఉంది. రెండు పక్కలా మగ్గాల చప్పుడు. లక్ష్మక్క భర్తా నేనూ కలిసి దావీదును పక్కకు తిప్పాం. నడుం కింద, భుజాల వెనుక, తుంటి మీద, మడమల దగ్గర ఎక్కడా చిన్న మచ్చ కూడా లేదు. నమ్మలేక టార్చి వేసి మళ్లీ చూశాను. పిక్కల కింద చిన్న దిండు పెట్టి, మడమలు పరుపుకు తగలకుండా గాలిలో ఉంచారు. గోడ మీద బొగ్గుతో గంటల వరుస, వాటి పక్కన "ఎడమ, వెల్లకిల, కుడి" అని రాసి ఉంది.

అతని పెదవులు మాత్రం పగిలి, నాలుక ఎండిపోయి ఉంది. ఒకటిన్నర రోజుగా నోట్లోకి ఏమీ పోలేదు. ఫోన్లో చెప్తే, ఒంట్లో నీరు తగ్గినందుకు చేర్చుకోవచ్చన్నారు డాక్టరు గారు. స్త్రీల వార్డులో మగ రోగిని పెట్టకూడదు కాబట్టి, వార్డు చివరనున్న విడిగదిలో తల్లికీ కొడుక్కీ రెండు మంచాలు వేయించాం.

ఆ సాయంత్రం ట్రాక్షన్ కట్టనిచ్చారు. ఆ తర్వాత మంచం మీద నుంచే మమ్మల్ని అజమాయిషీ చేయడం మొదలుపెట్టారు. "మడమలు చూసినావా? చెవులెనక చూసినావా?" నా సర్వీసు మొత్తంలో చెవుల వెనక నేనెప్పుడూ చూడలేదు.

అడగ్గా అడగ్గా కొంత చెప్పారు. పుట్టింది కోసిగి దగ్గర కూలి చేసుకునే ఇంట్లో. అమ్మానాన్నలు ఏటా పనికి వలస పోతుంటే ఆమె మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నారు. సైన్యంలో లెఫ్టినెంటుగా చేరి కెప్టెన్ అయ్యారు. నర్సులకూ అక్కడ ఆఫీసరు హోదా ఉంటుంది. యుద్ధం అయిన రెండేళ్లకు ఉద్యోగం వదిలి, ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఆయన్ని పెళ్లి చేసుకున్నారు. ఆయన పోయి పదేళ్లయింది.

కాలికి బరువు కట్టి ఉండడంతో ఆమె చెయ్యి కొడుకు మంచానికి అందదు. దావీదు మా చేతి గంజి ఉమ్మేస్తే సెలైన్ మీద ఉంచాం. తినిపించడం ఎలాగో మా దగ్గర శిక్షణలో ఉన్న నర్సింగ్ విద్యార్థిని ఒకమ్మాయికి ఆమె నేర్పారు. "స్పూను కింది పెదివికి తాకించి ఆగు. పేరు పెట్టి పిలువు. తొందరపడొద్దు." మూడో రోజు అతను ఆ అమ్మాయి చేతి గంజి తాగాడు. "నేను ముందు పోతే వీడు పస్తుండి సస్తాడని భయముండె," అన్నారు మార్తమ్మ గారు.

అయిదో రోజు ఆపరేషన్ బాగా జరిగింది. తొమ్మిదో రోజు ఒళ్లు తుడవడానికి నేనే వెళ్లాను. "నాకేమొద్దు, వాన్ని చూడు," అన్నారు. వినకుండా తిప్పి చూస్తే నడుం కింద అరచేయంత ఎరుపు. మామూలు ఎరుపైతే వేలితో నొక్కినప్పుడు తెల్లబడి, మళ్లీ రంగు వస్తుంది. ఇది తెల్లబడలేదు. పుండుకు మొదటి దశ అది. రోగిని తిప్పినప్పుడల్లా సంతకం పెట్టే చార్టులు తీశాను. దావీదు చార్టులో రెండు గంటలకోసారి సంతకం ఉంది. ఆమె చార్టు రెండు రోజులుగా ఖాళీ. ఆమె వద్దన్నారు, మా నర్సు పిల్లలు సరేనన్నారు. హెడ్ నర్సుగా చూసుకోవలసింది నేను. చూసుకోలేదు.

"నొప్పి లేదా?"

"ఉండాది."

"మరి చెప్పలేదేం?"

"ఉండేది ఇద్దరు పిల్లోళ్లు. నన్ను తిప్పాలంటే ఇద్దరూ రావాల. అంతసేపు వాన్నెవరు చూస్తారు?"

నాకు కోపం వచ్చింది. "మీ వార్డులో రోగి ఇలా దాచిపెడితే మీరేం చేసేవారు కెప్టెన్ గారూ?" అన్నాను.

"ఒక జవానుండె," అన్నారు. "నడుములో గుండు. ఆపరేషనై బతికినాడు. వార్డంతా నిండిపోయి, మేము ఇద్దరమే ఉంటిమి. పోయినప్పుడల్లా, 'నాకేం ల్యాదు సిస్టర్, పక్కోన్ని చూడు' అంటాండె. నేను నమ్మినా. ఒక దినం తిప్పి చూస్తే ఎముక కనపడె. గుండుకు బతికినోడు వీపు పుండుకు పోయినాడు." "మా దావీదు బాగుండాననీ సెప్పల్యాడు, బాగలేదనీ సెప్పల్యాడు. అందుకే సూస్తా వచ్చినా," అన్నారు.

తర్వాత ఆమే అన్నారు: "తిప్పు సిస్టర్."

ఆ ఎరుపు తగ్గడానికి పన్నెండు రోజులు పట్టింది. ఇంటికి పోయేముందు లక్ష్మక్కకూ ఆమె కోడలికీ దావీదును తిప్పడం, తినిపించడం మార్తమ్మ గారు నేర్పారు. నాలుగేళ్లకు దావీదు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఇంట్లోనే పోయాడు. నేను వెళ్లేసరికి స్నానం చేయిస్తున్నారు. "సూడు సిస్టర్," అని అతని వీపు చూపించారు. మచ్చ లేదు. మరో రెండేళ్లకు, ఎనభై మూడో ఏట, ఆమె పోయారు. లక్ష్మక్క ఫోన్ చేస్తే వెళ్లాను.

రోగి "నాకేం లేదు" అంటే దాన్ని రోగి చెప్పిన మాటగా కేస్ షీట్లో రాయవచ్చు, పరీక్ష చేసినట్టు రాయకూడదు. ఆమె మా వార్డు నుంచి ఇంటికి వెళ్లాక, నాకు మిగిలిన రెండేళ్ల సర్వీసులో నా వార్డులో ఒక పద్ధతి మార్చాను. డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సు ఇద్దరూ కలిసి ప్రతి రోగి వీపూ చూశాకే సంతకాలు పెట్టాలి. దీనివల్ల అప్పగింతకు అరగంట ఎక్కువ పట్టేది. పిల్లలు విసుక్కున్నారు. నేను మార్చలేదు.