పెళ్లిబండి

మలేసియాలోని సుంగై సిపుట్‌లో పోలయ్య హోల్డెన్ కారును అందరూ పెళ్లిబండి అంటారు. నాలుగు తలుపుల కుటుంబం కారులాగే కనిపిస్తుంది గాని, వేగం కోసమని ఆస్ట్రేలియావాళ్లు అందులో ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టారు. ఆ సంగతి చెప్పబోతే వినే ఓపిక ఎవరికీ లేదు. రోజూ పొద్దున్నే పోలయ్య బానెట్ ఎత్తి, పాత బనియనుతో తుడిచి, ఇంజను గొంతు కాసేపు విని ఆపేస్తాడు. కళ్లకు శుక్లాలు కమ్మాయి. అందుకే రేపటి నుంచి బండి తాళాలు కొడుకు దగ్గరుంటాయి.

ఇవాళ కూడా మేళం వెనక నడక వేగంతో పెళ్లికూతుర్ని గుడికి చేర్చాడు. తాళి కట్టేలోగా ఒక్కసారి బండిని పరిగెత్తించాలని, ముందున్న బంతిపూల దండ విప్పబోతే భార్య సీత, ఆ ఊరి అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ, అడ్డుపడింది.

"ఏటయ్యా అది? పిల్ల అత్తారింటికి సేరీదాకా తియ్యకూడదు లా."

దండతోనే ఖాళీ రోడ్డెక్కి పెడల్ నేలకు తొక్కాడు. ఇంజను ఒక్కసారి గర్జించింది. అంతలోనే, పూలు గాలిని అడ్డుకోవడంతో రేడియేటర్లో నీళ్లు మరిగి ఆవిరి ఎగజిమ్మింది. పక్కకు ఆపి, దండ విప్పి, జాలీలో ఇరుక్కున్న రేకలు పీకుతుంటే ఎదురింటి కిశోర్‌కుమార్ మోటారుసైకిల్ ఆపాడు.

"పెళ్లిబండి గదా మావా, మెల్లగా తోలాల."

పోలయ్య ఎనిమిది సిలిండర్ల ఇంజనుకు గాలి తగిలేలా బానెట్ ఎత్తి పెట్టాడు. బండి చల్లారాక, దండను మళ్లీ ముందు కట్టాడు. గుడి దగ్గర పెళ్లికూతురు ఎదురుచూస్తుంటుంది.