దారి వదలడం నేర్చుకున్న కెజియా

తాడేపల్లిగూడెం బయట, రైసు మిల్లు వెనక, తాగుడు మాన్పించే సెంటరు ఒకటి ఉంది. గేటు మీద ప్రేమతో మార్పు అని రాసి ఉంటుంది. లోపల స్టోరు గది తలుపు వెనక గజం పొడవు ఆకుపచ్చ నీళ్ల పైపు ముక్క వేలాడేది. దానితో నీళ్లు పట్టడం ఎవరూ చూడలేదు. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి అక్కడ వ్యాను తోలుతున్నాను కాబట్టి ఆ పైపు చేసే పని వారానికి నాలుగైదుసార్లు చూసేవాణ్ణి.

కెజియా ఆ సెంటరులో కౌన్సిలరుగా చేరినప్పుడు ఎమ్మెస్సీ సైకాలజీ అయి రెండు నెలలు కూడా కాలేదు. వాళ్లది ఆకివీడు. తల్లి మార్తమ్మ అక్కడే ఒక నర్సింగ్ హోములో ఆయా. కెజియా సన్నగా, చూస్తే ఇంటర్ పిల్లలా ఉండేది. ఈమె నెల తిరక్కుండా పారిపోతుందని మేమందరం అనుకున్నాం.

చేరిన వారంలోనే అబ్బులు అనే ఐసు ఫ్యాక్టరీ కూలీని తీసుకొచ్చాం. తీసుకురావడం అంటే ఇంతే. ఇంటివాళ్లు ఫోన్ చేస్తారు. నలుగురం వెళ్తాం. తాగినవాడు రానంటాడు. తువ్వాలుతో చేతులు వెనక్కి కట్టి వ్యానులో పడేస్తాం. పెద్ద అటెండరు నెల్సన్ అంతకుముందు కొల్లేరు చెరువుల్లో వల లాగే ముఠాకి మేస్త్రీ. మిగతా ఇద్దరూ ఆ ముఠావాళ్లే. చెరువులో వల లాగినట్టే మనిషినీ పట్టేవారు. చెరో వైపు నుంచి ఒక్క అడుగు తేడా లేకుండా నడుస్తూ, సందు లేకుండా మూసుకుంటూ వచ్చేవారు. వల దగ్గరపడే కొద్దీ చేప ఎగురుతుంది. అబ్బులు ఐసు కొట్టే సుత్తి విసిరాడు. అది ఒక అటెండరు మోకాలికి తగిలింది. దానికి బదులుగా సెంటరుకి తెచ్చాక పైపు తీశారు. వీపు అయ్యాక మొహం మీదికి వెళ్లారు.

మర్నాడు కెజియా ముందు కుర్చీలో అబ్బులుని కూర్చోబెట్టారు. మీ బాధేమిటో చెప్పండి అని అడిగి రాసుకోవడం ఆమె ఉద్యోగం. అతని దవడ విరిగి గుడ్డ కట్టి ఉంది. అతను నోరు తెరవబోయి ఏడ్చాడు. ఆమె పెన్ను మూసేసి బయటకొచ్చి, పంపు దగ్గర చాలాసేపు మొహం కడుక్కుంది.

ఆ నెలలోనే ఏలూరులో ఆదివారం క్లాసుల్లో చేరింది. ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు. చేతిలో ఆయుధం ఉన్నవాణ్ణి, మత్తులో ఉన్నవాణ్ణి ముట్టుకోకుండా చల్లబరచడం ఎలాగో నేర్పుతారు. వాళ్ల ఇంట్లో దీనికి పెద్ద గొడవైంది. ఆదివారం ప్రార్థనకి రాకుండా క్లాసేమిటని మార్తమ్మ గారు మూడు వారాలు మాట్లాడలేదు. ఎమ్మెస్సీ చదివి కూడా మళ్లీ చదువేమిటని మా ఓనరు నిరంజన్ గారు నవ్వాడు. కెజియా ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది. ఎమ్మెస్సీలో కోపం గురించి ఒక పేపరు ఉంది కానీ కత్తి పట్టుకున్నవాడి ముందు ఎక్కడ నిలబడాలో అందులో లేదంది.

కోర్సు ముగిశాక ఆమె నిరంజన్ గారి గదిలోకి వెళ్లి పైపు తీసేయమని అడిగింది. ఆయన తీసేయనని అనలేదు. ఒక్క మనిషిని, ఒంటి మీద గీత పడకుండా తీసుకొచ్చి చూపించమన్నాడు. చూపిస్తే పైపు పారేస్తానన్నాడు. లేకపోతే ఇక వ్యాను ఎక్కకూడదు, నోరు మూసుకుని ఫైళ్లు రాసుకోవాలి. సరేనండీ అంది.

రెండు రోజులకి ఫోను వచ్చింది. ఆకివీడు అవతల ఒక చేపల చెరువుకి కాపలా ఉండే బుల్లిరాజు. తాగి భార్యను కొడుతున్నాడని బావమరిది చెప్పాడు. మేం వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. గట్టు మనిషి నడిచేంత వెడల్పు, రెండు పక్కలా నీళ్లు. మధ్యలో కాస్త వెడల్పైన చోట కాపలా గుడిసె. దాని ముందు బుల్లిరాజు, భార్య వెంకటలక్ష్మి జుట్టు ఎడం చేతికి చుట్టుకుని, కుడిచేత్తో చేపలు కోసే కత్తి పట్టుకుని ఉన్నాడు. ఆమె చెంప అప్పటికే తెగి రక్తం మెడ మీదికి కారుతోంది.

నెల్సన్ ఎవరూ చెప్పకుండానే తన మనుషులిద్దర్నీ చెరువు చుట్టూ తిప్పి గట్టు అటు చివరికి పంపాడు. తాను ఇటు నుంచి కదిలాడు. వల మొదలైంది. బుల్లిరాజు వెనక్కి చూశాడు, ముందుకి చూశాడు, కత్తి భార్య గొంతు మీదికి తెచ్చాడు.

"నెల్సన్ గారూ, ఆగండి. ఆయనకి దారి వదలండి" అంది కెజియా.

"మేడంగారండీ, దారి వదిలితే చేపుంటుందాండీ?"

ఆమె చెప్పులతోనే గట్టు దిగి చెరువులోకి వెళ్లింది. నడుము దాకా బురద నీళ్లు. రెండు చేతులూ పైకెత్తి, ఖాళీగా చూపిస్తూ, మీరూ దిగండని మమ్మల్ని సైగ చేసింది. నేను దిగాను. నెల్సన్ బూతు గొణుక్కుంటూ ఆఖరికి దిగాడు. అటువైపు వాళ్లు కూడా దిగారు. గట్టు ఖాళీ అయింది.

"బుల్లిరాజు గారూ, గట్టంతా మీదేనండీ. నడిచి వెళ్లిపోవచ్చు. మేమెవ్వరం రాము" అంది కెజియా.

అతను చాలాసేపు నమ్మలేదు. ఆమెను లంజ అన్నాడు, కులం పేరు పెట్టి తిట్టాడు. ఆమె ఎత్తిన చేతులు దించలేదు. చివరికి జుట్టు వదిలేశాడు. వెంకటలక్ష్మి పాక్కుంటూ గుడిసె వెనక్కి పోయింది. అతను కత్తితోనే మా వ్యాను వైపు నడవడం మొదలుపెట్టాడు.

అక్కడే చెడింది. నెల్సన్ పక్క నుంచే అతను వెళ్తున్నాడు. ఇరవయ్యేళ్లు వల లాగినవాడు, చేతికందిన చేపను వదలలేకపోయాడు. నీళ్లలోంచి లేచి అతని కాలు పట్టి లాగాడు. బుల్లిరాజు పడుతూ కత్తి విసురుగా తిప్పాడు. నెల్సన్ చెవి సగం తెగి వేలాడింది. గట్టంతా రక్తం. నెల్సన్ ఎద్దులా అరిచి అతని మీద ఎక్కి కూర్చుని, పిడికిలి ఎత్తాడు. మొహం పగలగొట్టడానికే ఎత్తాడు.

కెజియా గట్టెక్కి మధ్యలో పడింది. ఆ దెబ్బ ఆమె నోటి మీద పడింది. పళ్లు విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆమె లేవలేదు. బుల్లిరాజు మీద అలాగే బోర్లా పడి ఉంది, అతని మొహాన్ని తన భుజంతో కప్పేసి. నెల్సన్ రెండో దెబ్బకి చెయ్యి ఎత్తి, ఎవరిని కొట్టాడో చూసి, అలాగే ఉండిపోయాడు.

కత్తి నీళ్లలో పడింది. దాన్ని ఎవరూ లాక్కోలేదు, బుల్లిరాజే వదిలేశాడు. ఆమె నోట్లోంచి రక్తం అతని చొక్కా మీద కారుతుంటే చూసి, చిన్నపిల్లాడిలా బెదిరిపోయాడు.

"మిమ్మల్ని నేను కొట్టలేదండీ" అన్నాడు.

"తెలుసండీ. లేవండి, వెళ్దాం" అంది ఆమె. మాట సరిగ్గా రాలేదు.

అతను తనే నడిచి వ్యాను ఎక్కాడు. తువ్వాలు కట్టలేదు. వెంకటలక్ష్మినీ నెల్సన్‌నీ ముందు ఆకివీడులో ఆసుపత్రి దగ్గర దింపాం. కెజియా దిగనంది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తాడేపల్లిగూడెం దాకా అతని పక్కనే కూర్చుంది.

నిరంజన్ గారు గేటు దగ్గర నిలబడి బుల్లిరాజు చొక్కా విప్పించి ముందూ వెనకా చూశాడు. తర్వాత కెజియాను చూశాడు. పందెం ఓడిపోయారు కదండీ, ఇంత రక్తం ఏమిటన్నాడు.

"ఆయనది కాదండీ" అంది ఆమె.

కెజియా స్టోరు గదిలోకి వెళ్లి తలుపు వెనక నుంచి పైపు తీసి, ఆయన ముందు నుంచే బయటికి తీసుకెళ్లి పంపుకి తొడిగింది. ఆయన ఆపలేదు. ఆ సాయంత్రం ఆ పైపుతోనే వ్యానులో రక్తం కడిగాను.

పైపు పోయింది కానీ చేతులు పోవు. తర్వాత కూడా ఆ ఇద్దరు అటెండర్లలో ఒకడు, తీసుకొచ్చిన ఒక తాగుబోతుని తన్నాడు, కెజియా పోలీసు స్టేషనుకి వెళ్లి పేరు పెట్టి చెప్పింది, వాడి ఉద్యోగం పోయింది. వాడు ఆమె స్కూటీ తగలబెట్టాడు. అప్పటి నుంచి బస్సులో వస్తోంది. ఇప్పుడు అటెండర్లకి నేర్పే అర్హత కోసం ఇంకో కోర్సులో చేరింది. అదీ ఆదివారమే. నేర్చుకున్నది తనొక్కతే అయితే నెల్సన్ చెయ్యి ఆగదని ఆ గట్టు మీదే తెలిసిందంది.

నెల్సన్ చెవికి కుట్లు పడ్డాక పది రోజులు ఆమె ఎదుటికి రాలేదు. ఆమె ఈ కొత్త కోర్సులో చేరిందని తెలిసిన రోజు వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"నేను చదివింది ఎనిమిదేనండీ. మీరు నేర్పే క్లాసులో నన్ను కూర్చోనిస్తారాండీ?"

కెజియా నవ్వింది. ముందు రెండు పళ్లు లేవు.

"కూర్చోండి నెల్సన్ గారూ. కానీ మళ్లీ ఆదివారం చర్చి ఎందుకు ఎగ్గొడుతున్నానో మా అమ్మకి మీరే చెప్పాలి."