మలుపు దగ్గరి బండ

శంషాబాద్ నుంచి తుక్కుగూడ వైపు పోయే దారిలో, మా ఊరి మలుపు దగ్గర వేపచెట్టు కింద ఒక నల్లబండ ఉండేది. ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పనికి కుదిరిన కొత్తలో, మధ్యాహ్నం బస్సు దిగగానే దాని మీద కూలబడేదాన్ని. పొద్దుటి నుంచి నిలబడ్డ కాళ్లు ఊళ్లోకి నడవనిచ్చేవి కావు.

ఆకుకూరలు అమ్మే పెద్దమ్మ ఒకామె అప్పటికే అక్కడ కూర్చుని ఉండేది. గంప పక్కకు జరిపి నాకు చోటిచ్చేది.

మూడో నెలలో ఒకరోజు ఏడుస్తూ బస్సు దిగాను. ఒక ప్రయాణికుడు తానే కాఫీ ఒలకబోసి, వెంటనే తుడవలేదని అందరి ముందూ నన్ను తిట్టాడు. మా సూపర్‌వైజర్ అతని వైపే మాట్లాడాడు.

"ఇగ రేపటి సంది పోను పెద్దమ్మా" అన్నాను.

"పోతవో పోవో తర్వాత. జర కూసో ముందు" అంది. నేను కూర్చున్నాక చెప్పింది. "ఈ బండ మా బాయికాడ ఉండె. దీని మీదనే బట్టలుతికిన, నా బిడ్డకు నీళ్లు పోసిన. ఎయిర్‌పోర్టు కింద భూమి పోయిన్నాడు మా ఆయన దీన్ని ఎడ్లబండి మీద తెచ్చి ఈడ దింపిండు. నేను నెల రోజులు ఊకెనే వచ్చి కూసుంటుంటి. ఏం జెయ్యాల్నో సమజ్ కాలే. తర్వాత కూరగంప ఎత్తుకున్న."

మర్నాడు పనికి వెళ్లాను. ఆమె మాటల వల్లే వెళ్లానని చెప్పలేను, పిల్లల చదువులున్నాయి. కానీ ఆ బండ మీద ఊరికే కూర్చోవడం కూడా ఒక పనే అనిపించింది ఆ రోజు నుంచి.

తర్వాత నాతోపాటు దిగే మరో నలుగురు ఆడవాళ్లు అక్కడ ఆగడం మొదలుపెట్టారు. మిగిలిన అన్నం అక్కడే తినేవాళ్లం. నా కూతురు పదో తరగతి పాసైందని ఫోన్ వచ్చింది అక్కడే.

పోయిన ఏడాది రోడ్డు వెడల్పు చేశారు. ఒకరోజు బస్సు దిగేసరికి వేపచెట్టు నేల మీద ఉంది. పెద్దమ్మ బండ మీద కూర్చుని ఉంది, ఎదురుగా జేసీబీ.

"లే పెద్దమ్మా, నా పని ఆగుతున్నది" అంటున్నాడు డ్రైవరు. ఆమె బండ మీంచి కదలడం లేదు. మేం ఐదుగురం వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాం.

"అన్నా, ఎట్లాగూ తీసి పారేసేదే గదా. గా రోడ్డు పక్క కాలువ అవతల పెట్టరాదు?" అని అడిగాను.

"నాకు చెప్పిన పని గాదక్కా" అన్నాడు. ఇంజను ఆపి, దిగి, నీళ్లు తాగాడు. తర్వాత ఆమెనే అడిగాడు. "ఏడ పెట్టాలె చెప్పు."

ఆమె కాలువ దాటి వెళ్లి, కాలితో మట్టి మీద గీత గీసింది. అతను బండను తెచ్చి దింపాడు. వంకరగా ఉందని రెండుసార్లు సరిచేయించింది. అతను విసుక్కోలేదు.

ఇప్పుడక్కడ నీడ లేదు. ఎండాకాలం నీళ్లు చల్లి గోనెసంచి పరుచుకుంటాం, గొడుగులు పట్టుకుని కూర్చుంటాం. వానలు పడ్డాక పక్కన కానుగ మొక్క నాటితే మేకలు తినేశాయి. ఈసారి చుట్టూ ముళ్లకంప కట్టాలి.