వదులు తీగ

నా చిన్నప్పుడు మా ఇంట్లో మాటలు తక్కువ. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాన్న లారీ ఆఫీసులో పని చేసేవాడు. నేను నిద్రపోయాక వచ్చి, నేను లేవకముందే వెళ్ళిపోయేవాడు. ఇక మిగిలింది మా తాతయ్య, నేను. మద్రాసు చింతాద్రిపేటలో కూవం నది మురుగు వాసన తగిలేంత దగ్గర్లో, ఒకే వాకిలికి నాలుగైదు పోర్షన్లున్న పాత ఇల్లు మాది. గోడకవతల ఎవరు దగ్గినా వినపడేది, ఎవరి పిల్లకి ఎన్ని మార్కులొచ్చాయో తెలిసిపోయేది. మా పోర్షన్లో మాత్రం సాయంత్రమయ్యేసరికి గోడ గడియారం ఒక్కటే మాట్లాడేది. తాతయ్యకి నామీద ప్రేమ లేక కాదు. ఆయనకి మాటలు రావు, అంతే. అన్నం పెట్టి, జడ వేసి, దుప్పటి కప్పి ప్రేమ చూపించేవాడు. ఏడేళ్ళ పిల్లకి అది సరిపోదని ఆయనకి ఎవరు చెబుతారు?

తాతయ్య మిల్లులో కరెంటు పని చేసి రిటైరయ్యాడు. అంతకు ముందు తరాలవాళ్ళు మగ్గం నేసినవాళ్ళు. కరెంటు పని తెలిసినవాడని చుట్టుపక్కల ఎవరింట్లో ఇస్త్రీపెట్టె వేడెక్కకపోయినా, టేబుల్ ఫ్యాను మూలిగినా, రేడియో గొంతు పోయినా మా గడప తొక్కేవారు. తాతయ్య అన్నీ ముట్టుకునేవాడు కాదు. ఆయనకి మగ్గం నాటి సూత్రం ఒకటుండేది. పోగు తెగితే నేసేవాడే ముడి వేసుకోవాలి, పన్నె చెడితే పన్నె కట్టేవాడి దగ్గరికే పోవాలి. పన్నె అంటే మగ్గంలో పోగుల్ని వరసలో నిలిపే దువ్వెన లాంటిది, దాన్ని కట్టడం వేరే విద్య. తీగ వదులైనా, ఫ్యూజు పోయినా అది తెగిన పోగు కింద లెక్క. మీరే చేసుకోవచ్చంటూ ఎదురుగా కూర్చోబెట్టి చేయించేవాడు. లోపల తీగ చుట్టలేవో కాలిపోతే అది పన్నె. రిపేరు కొట్లుండే రిచీ వీధికి పట్టుకుపొమ్మని చెప్పేసేవాడు. ఏది పోగో ఏది పన్నో తెలియకుండా స్క్రూలన్నీ విప్పుకుని, మిగిలినవి పొట్లం కట్టి తెచ్చేవాళ్ళంటే మాత్రం ఆయనకి ఒళ్ళుమంట.

ఇంకొక్క విషయంలోనూ ఆయన గట్టివాడు. ఆ రోజుల్లో రేడియోలంటే లోపల గాజు బల్బులు వెలిగే పెద్ద చెక్కపెట్టెలు. ప్లగ్గు పీకిన వెంటనే తాతయ్య వాటిని తెరిచేవాడు కాదు. మంచినీళ్ళు తాగి, ఆ మాటా ఈ మాటా అయ్యాక తీరిగ్గా స్క్రూడ్రైవరు తీసేవాడు. కరెంటు ఆపినా పెట్టెకి కాసేపు కోపం పోదని నాతో అనేవాడు.

మా పక్క పోర్షన్లో ఒక అత్త ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, నేనలా పిలిచేదాన్ని. ఆమెది గూడూరు దగ్గర పల్లె. పెళ్ళయి మద్రాసు వచ్చింది, భర్త పోయాడు, పిల్లలు లేరు. మిగతా పోర్షన్లవాళ్ళు తమిళులు, మంచివాళ్ళే. కాని అత్తకి తమిళం కూరగాయల బేరం దాటి రాలేదు. ఆమెకి తోడల్లా భర్త కొన్న రేడియో. దానిమీద తెల్లదారంతో అల్లిన గుడ్డ కప్పి ఉండేది. సాయంత్రం గుడ్డ మడత పెట్టి విజయవాడ స్టేషను పెట్టుకుంటే, ఆమెకి ఆ పూట తెలుగు మాట చెవిన పడ్డట్టు.

ఆ రేడియో తరచుగా చెడిపోయేది, ప్రతిసారీ లోపల స్పీకరుకి పోయే తీగే ఊడి ఉండేది. అత్త గోడ మీద తడితే మాకు పిలుపొచ్చినట్టు. తాతయ్య పనిసంచి భుజాన వేసుకుని, నా చెయ్యి పట్టుకుని బయల్దేరేవాడు. నేను లేకుండా ఒక్కసారీ వెళ్ళలేదు. భర్త లేని ఆడమనిషి ఇంటికి, భార్య లేని మగమనిషి ఊరికే వెళ్ళి కూర్చోవడం అప్పట్లో లేదు. అది రాసిపెట్టిన శాసనమేమీ కాదు, కాని వాకిట్లో బియ్యం ఏరుకునే ఆడవాళ్ళ కళ్ళు శాసనాన్ని మించినవి. భుజాన సంచీ, పక్కన మనవరాలూ ఉంటే ఆ కళ్ళు మళ్ళీ బియ్యం మీదికి పోయేవి.

తలుపు బార్లా తీసి ఉంచేవారు. వాళ్ళిద్దరికీ మధ్యలో నేను. అత్త తాతయ్యతో నేరుగా ఒక్క మాటా మాట్లాడేది కాదు. తాతని కాఫీ తాగమనమ్మా అనేది నాతో. పంచదార చాలునని అత్తతో చెప్పమ్మా అనేవాడు తాతయ్య, ఆమె రెండడుగుల దూరంలో నిలబడి వింటూండగానే. నేను అటు తిరిగి చెప్పి, ఇటు తిరిగి చెప్పి, మధ్యలో మురుకులు నమిలేదాన్ని. రిపేరు చిటికెలో అయ్యేది, బాగైందో లేదో చూడటానికి మాత్రం రెండు ప్రోగ్రాములు వినాల్సి వచ్చేది. ఆ కాస్సేపట్లో అత్త తన ఊరి చెరువు గట్టు గురించి, తాతయ్య మిల్లు సైరన్ గురించి నా ద్వారా చెప్పుకునేవారు. మా ఇంట్లో నోరు విప్పని మనిషి అక్కడ నవ్వేవాడు. నిజం చెప్పాలంటే, ఆ రేడియో ఎప్పుడు చెడుతుందా అని నేను దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, అత్త పచ్చడి పంపిన గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. తలుపు ఓరగా వేసి ఉంది. అత్త రేడియోని గోడవైపునుంచి తిప్పి, వెనక చెక్క విప్పి, లోపల చెయ్యి పెడుతోంది. ప్లగ్గు పీకే ఉంది, కాని అప్పుడే పీకినట్టు ఇంకా ఊగుతోంది. అంతలోనే ఎవరో తోసినట్టు వెనక్కి పడింది. తల గోడకి తగిలింది. నేను గిన్నె వదిలేసి పరుగెత్తాను. ఆమె కుడిచేతి వేలి చివర ఎర్రగా కమిలింది. నేను తెచ్చిన నీళ్ళు సగం తాగి, సగం చీర మీద పోసుకుంది.

స్పీకరుకి పోయే తీగ ప్రతిసారీ ఎలా ఊడుతోందో నాకప్పుడు తెలిసింది. ఎందుకత్తా అని అడిగాను.

"ఊరికే రమ్మంటే వస్తారా, పాపా?" అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని, "తాతకి చెప్పబాక" అంది.

ఆ సాయంత్రమంతా చెప్పాలా వద్దా అన్నదే ఆలోచన. చెబితే తాతయ్యకి కోపం వస్తుంది. పోగూ పన్నే తెలియకుండా చెయ్యి పెట్టేవాళ్ళంటే ఆయనకి పడదు, అందులోనూ ఇది కావాలని చెడగొట్టడం. ఇక వెళ్ళడు. అత్త గది, ఆ నవ్వు, మురుకులు అన్నీ పోతాయి. చెప్పకపోతే అత్త మళ్ళీ లోపల చెయ్యి పెడుతుంది, ఈసారి లేస్తుందో లేవదో. అమ్మ లేకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు కనుక, ఆ రెండో భయమే గెలిచింది. గోడ మీద తట్టిన చప్పుడయింది. తాతయ్య సంచి తీసుకోబోతుంటే చొక్కా పట్టుకుని ఏడుస్తూ అంతా చెప్పేశాను.

తాతయ్య మంచం మీద కూర్చుండిపోయాడు. ఆయన ముఖంలో నాకు ఆశ్చర్యం కనపడలేదు. ఏ చెయ్యి, ఎంత కమిలింది, మాట సరిగా వచ్చిందా అని మాత్రం అడిగాడు. గోడ మీద రెండోసారి చప్పుడైంది, కదల్లేదు. ఇక వెళ్ళడనుకున్నాను. అప్పుడు లేచి, కొయ్యపెట్టెలోంచి రాగితీగ చుట్టా, పళ్ళున్న చిన్న ఇత్తడి క్లిప్పూ వెతికి సంచిలో వేసుకుని, నాకు చెయ్యి అందించాడు.

ఆ రోజు ఆయన పని చాలాసేపు చేశాడు. ఊడిన తీగని మళ్ళీ ఊడకుండా సీసంతో అతికాడు. వెనక చెక్కకి ఎప్పుడూ బిగించే స్క్రూలతోపాటు కొత్తవి కూడా తిప్పి దించాడు. తర్వాత విజయవాడ స్టేషను అందడానికి మిద్దెమీదినుంచి వచ్చే ఏరియల్ తీగని కిటికీ దగ్గర కత్తిరించి, రెండు ముక్కల్నీ ఆ క్లిప్పుతో కలిపాడు. క్లిప్పు తీస్తే రేడియోలో ఇసుక రాలిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పెడితే మళ్ళీ తెలుగు. నొక్కితే చాలు, చంటిపిల్ల కూడా తీసి పెట్టగలదు. నాకేమీ అర్థం కాలేదు. నిక్షేపంలా ఉన్న తీగని ఎందుకు కోసినట్టు?

తాతయ్య చేతులు తుడుచుకుని, ఎప్పట్లాగే నావైపు తిరిగాడు.

"అత్తతో చెప్పమ్మా. పెట్టె లోపల ఇంక ఏదీ ఊడదు, అందులో చెయ్యి పెట్టబాకండి. ఊడితే ఈ బయటి క్లిప్పే ఊడాల. ఇది ఊడినప్పుడంతా నన్ను పిలవండి."

చెప్పడానికి నేను అటు తిరిగాను. అత్త పైట చెంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి ఉంది. ఆ ఒక్కసారి మాత్రం నేను మాట అందించాల్సిన పని లేకపోయింది.

ఆ తర్వాత ఆ క్లిప్పు బాగానే ఊడుతూండేది. దాన్ని పెట్టడానికి తాతయ్య సుత్తీ పటకారూ ఉన్న సంచి అంతా మోసుకొచ్చేవాడు. ఒకసారి నేనే చటుక్కున పెట్టెయ్యబోతే నా చెయ్యి మెల్లిగా వెనక్కి లాగాడు. అది పోగూ కాదు, పన్నే కాదు. దానికి మా మగ్గంలో పేరు లేదు.

కొన్నేళ్ళకి అత్తకి చూపు మందగించి, తమ్ముడు వచ్చి గూడూరు తీసుకుపోయాడు. బండెక్కేముందు ఆమె నన్ను దాటుకుని తాతయ్య ముఖంలోకి చూసి, "రేడియో మీ దగ్గరే ఉండనీండి" అంది. ఆమె ఆయనతో నేరుగా అన్న మాట అదొక్కటే. తాతయ్య తలూపాడు.

రేడియో మా గదిలోకి వచ్చింది. క్లిప్పుతో సహా అన్నీ అలాగే బిగించాడు తాతయ్య. అది ఒక్కరోజూ ఆగకుండా మోగేది. మేమిద్దరం చెరో మూలా కూర్చుని వినేవాళ్ళం. అంత తెలుగు గదిలో వినపడుతున్నా మా మధ్య మాట లేదు. పక్క పోర్షన్లో కొత్తగా ఎవరో దిగారు. నాకు అత్త మీద బెంగ, తాతయ్య మీద బెంగ, చెప్పుకోవడానికి తాతయ్య తప్ప ఎవరూ లేరు. ఒక సాయంత్రం ఆయన పెరట్లో ఉండగా కిటికీ దగ్గరికి వెళ్ళి క్లిప్పు తీసేశాను. తాతయ్యా, రేడియో చెడింది అని పిలిచాను.

తాతయ్య వచ్చి క్లిప్పు చూశాడు, నన్ను చూశాడు. వెళ్ళి పనిసంచి తెచ్చుకున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ చెరువు గట్టు కథ అత్త నీకు పూర్తిగా చెప్పిందా అంటూ మొదలుపెట్టాడు. ఆ క్లిప్పు బాగుచెయ్యడానికి ఆ రోజు అన్నాలవేళ దాటిపోయింది.

ఇప్పుడు నేను మైలాపూరులో ఒక అపార్ట్‌మెంటులో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఏది చెడినా ఎలా బాగుచెయ్యాలో ఫోనులో వీడియోలున్నాయి, అందులో ఎవరో ఒకరు చిరునవ్వుతో అన్నీ విప్పి చూపిస్తారు. ఫ్యూజూ, ప్లగ్గూ, వదులైన తీగా ఇప్పటికీ నేనే చేసుకుంటాను. ఏసీ, టీవీ బోర్డు లాంటి పన్నెల జోలికి పోను, మెకానిక్కుని పిలుస్తాను. మొన్న చట్నీ రుబ్బుతుంటే మిక్సీ ఆగిపోయింది. దాని అడుగున ఎర్ర బటన్ ఉంటుంది, నొక్కితే మళ్ళీ తిరుగుతుందని నాకు తెలుసు. అయినా నొక్కలేదు. చేతులు కడుక్కుని, జాకెట్టు చేతులు సర్దుకుని, ఎదురింటి కొత్త కోడలి తలుపు తట్టాను.