ఎర్రగచ్చు మీద మంగ ముగ్గు

అలమేలుమంగ చేతులు ఊరికే ఉండవు. తమిళనాడులోని ధర్మపురి చుట్టుపక్కల ఇల్లు ఎక్కడ లేస్తున్నా వెళ్ళి తట్ట మోస్తుంది. పని కాసేపు ఆగితే చాలు, మిగిలిన సిమెంటు మాలుతో పిచ్చుకనో పిల్లినో చేసి గోడ మీద కూర్చోబెడుతుంది. "నీ ఆటలు తగలెయ్య!" అని మేస్త్రి మునిరాజ్ రోజూ తిడతాడు. ఆమె రోజూ నవ్వుతుంది. తిట్టు తిట్టే, పిల్లి పిల్లే.

కానీ ఆ నవ్వు వెనక ఒక కోరిక ఉంది. ఇక్కడ తట్ట మోసే ఆడమనిషిని సిత్తాళు అంటారు. జుట్టు నెరిసేదాకా మోసినా సిత్తాళే, తాపీ పట్టేది మగవాళ్ళే. మంగకు ఆ తాపీ కావాలి. అడగ్గా అడగ్గా, చెట్టికరైలో జయలక్ష్మమ్మ ఇల్లు కట్టేటప్పుడు మునిరాజ్ మెత్తబడ్డాడు. "ఈ ఇల్లు తప్పు లేకుండా ముగియనీ. వెనకగోడ పూత నీకే ఇస్తా" అన్నాడు.

తప్పు ఆ వారమే జరిగింది. ఇవాళ బొమ్మిడి దాకా జనం అడిగి వేయించుకునే ముగ్గుగచ్చు పుట్టింది ఆ తప్పులోంచే. వసారాలో ఎర్రగచ్చు నున్నగా తీసి మునిరాజ్ టీకి వెళ్ళాడు. కొత్త గచ్చు మీద తొలిముగ్గు వెయ్యడం మంగ అలవాటు. ఆరేదాకా ఆగితే ఆమె మంగ ఎందుకవుతుంది? అడ్డంగా వేసిన పలక మీద కూర్చుని, తన డబ్బాలోంచి పిండి తీసి మెలికల ముగ్గు తిప్పేసింది. డబ్బా ఆమెదే గానీ, అందులో ఉన్నది ముగ్గుపిండి కాదు. టైల్స్ సందుల్లో నింపగా మిగిలిన తెల్ల సిమెంటును ఎవరో అందులో పోసిపెట్టారు.

మర్నాడు గచ్చుకు నీళ్ళు కొడితే ముగ్గు పోలేదు. చీపురుతో రుద్దితే ఇంకా తెల్లగా తేలింది.

"ఏం జేసినావే మంగా!" మునిరాజ్ తల పట్టుకున్నాడు. "ఆయమ్మ పగలగొట్టమంటే నా గతేం గాను? తాపీ కావాల్నంట, తాపీ! తట్ట గూడా ముట్టొద్దు, ఇంటికి పో!"

మంగకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అయినా చూడండి ఆ మనిషిని, ఏడుస్తూనే వంగి ముగ్గును గోటితో గీకింది.

"అన్నా, రాలేదన్నా! గచ్చులోనే కలిసిపోయింది. అంచు కొంచెం చెదిరింది అంతే. పొడి పోసినాక తాపీతో మెల్లగా నొక్కితే అదీ ఉండదు."

"నోరు ముయ్యి!"

అప్పుడే జయలక్ష్మమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. పాపం, మోకాళ్ళ నొప్పుల మనిషి. ముగ్గును చాలాసేపు చూసి, కాలి బొటనవేలితో రాసింది.

"ఇది పోదా?"

"పోదమ్మా" అన్నాడు మునిరాజ్. "పగలగొట్టి మళ్ళా వేస్తాను."

"పగలగొడితే చూడు నీ పని! నేను వంగి ముగ్గేసి ఏండ్లయిపోయె. పూజగదిలో గూడా ఇట్లాంటిదే కావాల. ఎవురేసినారు?"

మునిరాజ్ ముక్కోపే గానీ, ఒకరి పని తనదని చెప్పుకునే రకం కాదు. "మా మంగేనమ్మా" అన్నాడు. తాపీ కడిగాడు, లుంగీకి తుడిచాడు, పిడి ఆమె వైపు తిప్పి చాచాడు.

"నొక్కితే చెదరదంటివే. పూజగది గచ్చు నువ్వే తియ్యి, ముగ్గూ నువ్వే వెయ్యి."

ఎన్ని చుక్కలైనా వంకర పోకుండా కలిపే ఆ చెయ్యి చాచింది మంగ. తాపీ పట్టుకుని, అలవాటు కొద్దీ రెండో చేత్తో తట్ట కోసం వెతుక్కుంది. తట్ట లేదు. అప్పటికే మునిరాజ్ దాన్లో మాలు నింపి తన తలకెత్తుకున్నాడు.