ఆవిడ చేర్చిన మొదటి పేజీ

ఈరోజు వాటర్‌ఫోర్డ్‌లోని మా లైబ్రరీలో స్కానర్ వేడెక్కి, ఆ కాలిన దుమ్ము వాసన ముక్కుకు తగిలిందో లేదో వసుంధర గారు గుర్తొచ్చారు. కార్క్‌లోని ఒక చిన్న డిజిటల్ లైబ్రరీలో నాకు పని నేర్పింది ఆవిడే. గుంటూరు మనిషి, జంకూ గొంకూ లేదు. మా పనిలో ఒక మంచి అలవాటుంది. ఒక లైబ్రరీ రాసుకున్న నియమాలను అందరికీ పంచుతుంది, మిగతావాళ్లు పేరు మార్చి వాడుకుంటారు. ఆవిడ మాత్రం ప్రతి పాలసీకీ ముందు ఒక పేజీ అదనంగా చేర్చేవారు: ‘దీనితో మేమెక్కడ దెబ్బతిన్నామంటే’ అని.

ఒక మధ్యాహ్నం పక్కనే ఉన్న రింగాస్కిడీ అనే ఊరి నుంచి ఒకామె కారేసుకుని వచ్చింది. చనిపోయిన వాళ్లమ్మ బతికుండగా చెప్పిన జ్ఞాపకాలను రికార్డు చేసి మేం వెబ్‌సైట్‌లో పెట్టాం. మొగుడు కొట్టిన దెబ్బల సంగతి కూడా అందులో ఉంది. “స్కూల్లో నా పిల్లల్ని ఏడిపిస్తున్నారు. ఇప్పుడే తీసేయండి” అని కౌంటర్ పట్టుకుని ఏడ్చింది. మా పాలసీ ప్రకారం ఫిర్యాదును నెలకోసారి కూర్చునే కమిటీ చూడాలి. వసుంధర గారు కమిటీ లేదు గిమిటీ లేదని, ఆమె ముందే ఆ రికార్డింగును ఎవరికీ కనబడకుండా చేసేశారు.

డైరెక్టర్ మండిపడ్డాడు. చివరికి, ముందు దాచి తర్వాతే విచారించాలని నియమం మార్చడానికి ఒప్పుకున్నాడు. “మార్పు గ్రాండ్, బాగానే ఉంది. మన తప్పు రాసిన ఆ మొదటి పేజీ మాత్రం బయటికి పోకూడదు” అన్నాడు. ఆవిడ కాంట్రాక్ట్ పొడిగింపు ఆయన చేతిలోనే ఉంది. నేను ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

“మేడమ్, మీకు దణ్ణం పెడతా. రెన్యువల్ అయ్యాక షేర్ చేద్దాం.”

“అందాకా ఇంకో లైబ్రరీ మన పాత పాలసీనే కాపీ కొడుతుందమ్మాయ్. అక్కడా ఒక కూతురొచ్చి ఏడవాలా?” అంటూనే కొత్త పాలసీని ఆ పేజీతో సహా అందరికీ పంపేశారు.

కాంట్రాక్ట్ పొడిగించలేదు. ఆవిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆ పెద్దమనిషి మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు.

ఇవాళ ఒకాయన ఫోన్ చేశాడు, చనిపోయిన చెల్లెలి ఫొటో మా వెబ్‌సైట్‌లోంచి తీసేయమని. పోట్లాటకు సిద్ధపడ్డ గొంతు. మా పాలసీ ఆవిడ పంచినదే. నేను చేరకముందే ఎవరో తెచ్చుకున్నారు. ఆయన మాట పూర్తి కాకముందే ఫొటో దాచేశాను.

“అంతేనా? ఏమీ అడగరా?”

“అంతేనండి.”

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. అంతకుముందు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదట. ఫోన్ ఎవరెత్తాలో మా పాలసీలో ఎక్కడా లేదు మరి. ఆ పాలసీకి మొదట ఒక కొత్త పేజీ చేర్చి, మేమెక్కడ దెబ్బతిన్నామో ఉన్నదున్నట్టు రాశాను. నా కాంట్రాక్ట్ వచ్చే నెలతో అయిపోతుంది. భయంగానే ఉంది. మిగతా లైబ్రరీలన్నిటికీ పంపేశాను.