తడి బలపం మీద రాయలవారి సైన్యం

మొన్న ఆదివారం మా మనవరాలు డాబా మెట్ల మీద కూర్చుని వేలెడంత సైనికుల బొమ్మలకు రంగులు వేస్తోంది. ఇనుప తొడుగులు, డాళ్లు, గుర్రాలు, అన్నీ ఏ దేశపు మధ్యయుగాల వాళ్లవో. వాటిని బల్ల మీద మోహరించి, స్నేహితులతో కలిసి పాచికలు వేసుకుంటూ యుద్ధం ఆడతారట. జెండాలు గీసిమ్మని అది నన్నడగలేదు. గిద్దలూరులో ఉన్న మా వదినకు ఫోన్లో ఫొటోలు పంపింది, ఆవిడ పొద్దు గూకేలోగా వెనక్కాళ్ల మీద లేచిన సింహాన్ని గీసి పంపించేసింది. "గిద్దలూరవ్వ చెయ్యి చూడవ్వా, ఎంత బాగా తిరిగిందో!" అంటూ మనవరాలు ఫోను నా మొహం ముందు పెట్టింది. బాగానే ఉంది, కాదనను. కానీ ఇంత వయసొచ్చిన మనిషికి కడుపులో అంత మంట లేస్తుందని నేననుకోలేదు.

ఆ మంట ఇప్పటిది కాదు లెండి. వదిన అంటే మా మేనత్త కూతురు, నాకన్నా ఏడాది పెద్దది. హైస్కూలు చదువుకని మార్కాపురంలో మా ఇంటికి వచ్చి ఉండేది. మా నాయన పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, సాయంత్రం వచ్చేటప్పుడు పనికిరాని లావుపాటి బలపం ముక్కలు జేబులో వేసుకొచ్చి నా ఒళ్లో పోసేవాడు. వాటితో నేను గుర్రాలు, సిపాయిలు చెక్కేదాన్ని. పొడి బలపం మీద కత్తి పెడితే పుటుక్కున విరుగుతుంది కాబట్టి ఒక రాత్రంతా నీళ్లలో నానేసి, మెత్తబడ్డాక చెక్కి, మిద్దె మీద మూడు రోజులు ఎండబెట్టి, ఆ తర్వాతే రంగు వేయాలి. మేకతోక వెంట్రుకలు చీపురుపుల్లకు కట్టి కుంచె చేసేదాన్ని. ఎద్దులబండ్లకు రంగులేసే ఆయన డబ్బా అడుగున మిగిలిన ఎనామిల్ ఇచ్చేవాడు. ఇదంతా నా విద్య, నా ఒక్కదాని రాజ్యం.

వదిన వచ్చిన నెలకే ఆ రాజ్యం పోయింది. నేను చెక్కిన సిపాయికి అది సరదాగా కళ్లు, మీసాలు దిద్దింది, ఇంకేముంది, రాయి కాస్తా మనిషైపోయాడు. దర్జీ పారేసిన పేలికకు గంజి పెట్టి, వంపు తిప్పి ఆరబెట్టి, గాలికి ఎగురుతున్న జెండా చేసింది. నాయన ఆ జెండాను అరచేతిలో పెట్టుకుని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించాడు. మర్నాటి నుంచి బలపం ముక్కలు నా ఒళ్లో పడలేదు, ఇద్దరి మధ్యా పోసేవాడు. మంచి ముక్క ఏదైనా ఉంటే "ఇది మా కోడలికి" అనేవాడు. ఒక్క మాటే, అయినా ఇప్పటికీ నా చెవిలో గింగురుమంటుంది.

ఆ ఏడు బడిలో ఎగ్జిబిషను పెట్టారు. సోషలు మేష్టారు ఉదయగిరి కోట ముట్టడిని బల్ల మీద నిలబెట్టమన్నారు. రాయలవారి సైన్యం వదినకు, గజపతుల సైన్యం నాకు. గెలిచే సైన్యం దానికేనన్నమాట! చెక్కడం ఇద్దరికీ నేనే చెక్కాను, రంగులు మాత్రం ఎవరి సైన్యానికి వాళ్లు. అది జెండాల మీద వరాహాన్ని దిద్దుతుంటే మా వీధి పిల్లలు చుట్టూ మూగి చూసేవాళ్లు. నా ఏనుగును చూసి పందిపిల్లా అనడిగిందో మహాతల్లి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

నా ముక్కలు మూడు రోజులు ఎండాయి. దానివి చివర చెక్కాను, ఒక్క రోజే ఎండాయి. తడి బలపం మీద ఎనామిల్ వేస్తే ఏమవుతుందో మా ఇంట్లో నాకూ నాయనకూ తప్ప ఎవరికీ తెలియదు. వదిన ఒక సిపాయిని చేతిలో పట్టుకుని వచ్చి అడిగింది, "ఆరినాయా పాపా, ఎయ్యొచ్చునా?" అని. నేను తల ఎత్తకుండానే చెప్పాను, "ఆ, ఆరినాయి. ఏస్కో."

అంతే. ఆ మూడు మాటలూ అనమని ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

ఎగ్జిబిషను రోజు బల్లను కిటికీ దగ్గర వేశారు. ఎండ ఏటవాలుగా పడుతోంది. పదకొండు గంటలకల్లా రాయలవారి సేనాపతి బుగ్గ మీద పొక్కు లేచింది, ఆ తర్వాత ఒక్కొక్కడికీ మొహం ఉబ్బి, పగిలి, పొలుసులుగా రాలడం మొదలుపెట్టింది. తనిఖీకి వచ్చిన పెద్దాయన నా గజపతులను మెచ్చుకుని ముందుకు వెళ్లిపోయాడు. నేను కోరుకున్నది జరిగింది, కానీ సంతోషం మాత్రం ఎక్కడా కనపడలేదు. నాయన ఫ్యాక్టరీ నుంచి దుమ్ము కొట్టుకున్న బట్టలతోనే వచ్చి, ఊడిన రంగును గోటితో గీకి చూశాడు. చూడగానే తెలిసిపోయింది ఆయనకు.

"ఏందమ్మా ఇది? తడి ఆరకుండానే ఏసినావా? మా పాపను అడగలేదా?"

వదిన నా వైపు చూసింది, ఎంతోసేపు కాదు, రెప్పపాటు. ఆ చూపులోనే దానికి అంతా తెలుసని నాకు అర్థమైంది.

"అడిగినా మామా. ఇంగా రెండు దినాలు ఆగమనింది. నేనే ఇనలేదు."

నాయన దాన్ని నలుగురిలో కేకలేశాడు, నన్ను దగ్గరికి తీసుకుని తల నిమిరాడు. ఆ నిమరడం కోసమే కదా నేనంత పనీ చేసింది. ఆ చెయ్యి నా తల మీద ఉన్నంతసేపూ చచ్చిపోతే బాగుండుననిపించింది. కానీ నాయన పోయేవరకూ ఆయనకు నిజం చెప్పలేదు. వదిన ఎన్ని పెళ్లిళ్లలో పక్కన కూర్చుని భోంచేసినా ఆ ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. దాని చేతి పనితనాన్ని చూసి పడ్డ కుళ్లు ఎప్పుడో సగం చచ్చింది కానీ, ఆ ఒక్క అబద్ధాన్ని చూసి పడ్డ కుళ్లు మాత్రం ఈనాటికీ పచ్చిగానే ఉంది. దాని స్థానంలో నేనుంటే ఆ అబద్ధం ఆడగలిగేదాన్నా అని ఎన్నిసార్లు అనుకున్నానో.

మన కాలం వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఇప్పుడు అన్నీ ఇంటికే వస్తున్నాయి. మనవరాలి రంగు సీసాలను కళ్లద్దాలు పెట్టుకుని చదివాను, ఎంతసేపు ఆరాలో నిమిషాలతో సహా వాటి మీదే అచ్చువేసి ఉంది. ఇక ఆరిందా అని ఎవరినీ అడగాల్సిన పని లేదు. మంచిదే. కానీ ఆనాడు వదిన నన్ను నమ్మి అడిగింది చూడండి, అట్లా ఒక సిపాయిని చేతిలో పట్టుకుని వచ్చి నన్నెవరైనా మళ్లీ అడిగితే బాగుండునని ఉంది, ఈసారి ఇంకా ఆరలేదని చెప్పడానికి.